ఇల్లే ఊరెళ్తే

మా అత్తయ్యగారికి ఒక అలవాటు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచాక ఆగిపోతారు. "గ్యాస్ కట్టేశానా?" అంటారు. కట్టేశారని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా మళ్ళీ తాళం తీసి, వంటింట్లోకి వెళ్ళి, రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి చూసుకుని వస్తేగాని ఆటో ఎక్కరు. అమలాపురంలో ఉన్నప్పుడు ఈ అలవాటు వల్ల మేం రెండు బస్సులు, ఒక పెళ్ళి ముహూర్తం తప్పిపోయాం. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి వాళ్ళు ఒకరైనా ఉంటారు. లేకపోతే ఆ మనిషి మీరే అయ్యుంటారు.

పోయిన జూన్‌లో ఆవిడ మా దగ్గరకి, ఫీనిక్స్‌కి వచ్చారు. పిల్లలకి సెలవులు. ఎండ 110 డిగ్రీలు దాటుతోంది. గ్రాండ్ కాన్యన్ చూపిద్దామంటే ఆవిడకి హోటళ్ళంటే పడదు. మడీ ఆచారం అని కాదు, బయటి తిండి తింటే షుగర్ ఎటు పోతుందో తెలీదని భయం. పదిహేనేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. వేళకి అన్నం, వేళకి ఇంజెక్షన్. అందుకని మా ఆయన ఆర్వీ అద్దెకి తీసుకుందామన్నారు. పొయ్యి, మంచం, బాత్రూమ్, ఫ్రిజ్ అన్నీ ఉన్న బండి. "ఇల్లే తీసుకెళ్తున్నామమ్మా, నీ వంట నువ్వే చేసుకోవచ్చు" అని తల్లికి చెప్పారు.

ఆవిడ ఒక్క ప్రశ్న అడిగారు. "ఇల్లే ఊరెళ్తే గ్యాస్ ఎవరు కడతార్రా?"

అందరం నవ్వాం. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు ఐదు రోజులు, రెండు ఇన్సులిన్ పెన్నులు ఖర్చయ్యాయి.

ముందు రోజు సాయంత్రం బండి తెచ్చి ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టారు. అద్దెకిచ్చిన అబ్బాయి ఫ్రిజ్ గురించి చెప్పింది రెండే ముక్కలు. "ఆటోలో పెట్టేయండి, అదే చూసుకుంటుంది." కరెంటుకి తగిలిస్తే కరెంటు మీద, తీసేస్తే గ్యాస్ మీద తనంతట తనే మారిపోతుందట. మంచిదే అనుకుని ఇంట్లోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టాం. పెరుగు, పాలు, ఇడ్లీ పిండి, తరిగిన కూరలు, పులిహోర కోసం కలిపి పెట్టుకున్న గుజ్జు, దోసకాయ పచ్చడి, అత్తయ్యగారి పెన్నులు అన్నీ సర్దేద్దామని రాత్రి పదింటికి తలుపు తీశాను. లోపల నా చేతి థర్మామీటర్ 58 చూపించింది. ఆరు గంటలు తిరిగిన ఫ్రిజ్‌లో 58 డిగ్రీలు! తిండి పాడవకుండా ఉండాలంటే 40 దాటకూడదు. మన సెల్సియస్ లెక్కలో 4.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ ట్రైలర్ వేసుకుని దేశమంతా తిరిగారు. లైటు చూసి ఆయనే వచ్చారు. ఫ్రిజ్ వైపు చూడనైనా చూడలేదు. జేబులోంచి చిన్న రసమట్టం తీసి ఫ్రిజ్ అరలో పెట్టారు. మా అమలాపురం ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రీ చేతిలో ఉండేదే, బొటనవేలంత. బుడగ ఒక మూలకి పరిగెత్తింది. మా డ్రైవ్‌వే వాలుగా ఉంటుంది. వాన పడితే నీళ్ళు రోడ్డు మీదకి పోవాలి కదా. ఆ వాలే ఫ్రిజ్‌ని చంపేస్తోంది.

ఇదేం వింత అని అడిగితే ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ పురాణ కథలాగే అనిపిస్తుంది. మన ఇంటి ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉంటుంది, గుర్రుగుర్రుమంటుంది. ఇలాంటి ఆర్వీ ఫ్రిజ్‌లో మోటారే లేదు. వెనకాల ఒక గొట్టంలో అమ్మోనియా కలిపిన నీళ్ళుంటాయి. వాటిని వేడి చేస్తారు, కరెంటుతోనో చిన్న గ్యాస్ మంటతోనో. అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది, అక్కడ చల్లారి ద్రవమవుతుంది, తర్వాత హైడ్రోజన్ వాయువుతో కలిసి మళ్ళీ ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. మిగిలిన నీళ్ళు దాన్ని పీల్చుకుని కిందకి జారతాయి. ఇదంతా జరిగేది కేవలం పల్లానికి పారే గుణం మీద. బండి ఒక పక్కకి ఒరిగి నిలబడితే ద్రవం మూలల్లో నిలిచిపోతుంది. పారదు. కింద మంట మాత్రం మండుతూనే ఉంటుంది. చల్లదనం రాకపోవడం ఒక్కటే కాదు, అలాగే గంటలు గంటలు వదిలేస్తే గొట్టాలు లోపల మాడి ఫ్రిజ్ శాశ్వతంగా పాడవుతుంది. బండి నడుస్తున్నప్పుడు మాత్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కాబట్టి పర్వాలేదట. ఆపి ఉంచినప్పుడే మట్టం కావాలి.

మంటతో మంచు! 1922లో స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌లో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఫాన్ ప్లాటెన్, మున్టర్స్ అనేవాళ్ళు కనిపెట్టారట దీన్ని. తర్వాత చదివి తెలుసుకున్నాను. ఇంకో సంగతి కూడా చదివాను, అది మనసులో ఉండిపోయింది. ఆ రోజుల్లో బెర్లిన్‌లో ఫ్రిజ్‌లోంచి కారిన విషవాయువు పీల్చి ఒక కుటుంబం నిద్రలోనే పోయిందన్న వార్త పేపర్లో చూసి ఐన్‌స్టీన్ చలించిపోయాడట. కదిలే భాగాలుంటే కదా అతుకుల దగ్గర కారేది, అవి లేని ఫ్రిజ్ చేద్దామని సిలార్డ్ అనే ఆయనతో కలిసి పని చేశాడు. 1930లో దానికి అమెరికాలో పేటెంట్ కూడా వచ్చింది. అంతటి మనిషి మన వంటింటి డబ్బా గురించి కూర్చుని ఆలోచించాడంటే నాకెందుకో చాలా సంతోషం వేసింది.

సరే, ఆ రాత్రి పెద్దాయన తన గ్యారేజీలోంచి ప్లాస్టిక్ దిమ్మలు తెచ్చారు. చక్రాల కింద పెట్టి, మా ఆయన బండి ముందుకి వెనక్కి జరిపి, బుడగ మధ్యకి వచ్చేసరికి పదకొండున్నర. సామాన్లు ఇంటి ఫ్రిజ్‌లోనే ఉంచేశాం. ఇలాంటి ఫ్రిజ్ నెమ్మది. ఒక పూట కాదు, ప్రయాణానికి ఒక రోజు ముందు నుంచి నడిపించాలి. వేడి సామాన్లు పెట్టి చల్లబరచమంటే దాని వల్ల కాదు, చల్లగా పెట్టినవాటిని చల్లగా ఉంచుతుంది. అందుకని ప్రయాణం సగం రోజు వాయిదా వేసుకుని, మర్నాడు మధ్యాహ్నం 37కి దిగాక, అన్నీ సర్దాను. ఖాళీ లేకుండా, కిక్కిరియకుండా. సందుల్లో గడ్డకట్టిన నీళ్ళ సీసాలు నాలుగు పెట్టాను. ఇడ్లీ పిండి గిన్నెకి మూతతో పాటు గుడ్డ కట్టాను. బండి ఊగితే పిండి ఎవరి మాటా వినదు.

ఇక బయల్దేరే ముందు అసలు గొడవ. బండి నడుస్తుంటే గ్యాస్ ఉంచాలా, కట్టాలా?

మా ఆయన ఉంచుదామన్నారు. ఎండలో ఫ్రిజ్ ఆగితే ఎలా అని. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. చాలామంది అలాగే నడుపుతారు. చాలా చోట్ల అది చట్టానికి వ్యతిరేకం కూడా కాదు. పెద్దాయన మాత్రం కట్టేయమన్నారు. ఆయన చెప్పిన కారణం సూటిగా ఉంది. నీ వెనకాల గోడలో మంట వెలుగుతూ ఉంటుంది, సిలిండర్ నుంచి దాకా గొట్టం నిండా గ్యాస్ ఉంటుంది, ఎవడో వచ్చి గుద్దితే ఆ గొట్టం తెగితే? టైరు పేలి అడుగున పైపుకి తగిలితే? పైగా పెట్రోల్ బంకులోకి వెళ్ళే ముందు ఎటూ ఆపాల్సిందే, మర్చిపోతే ఎలా? కొన్ని సొరంగాల్లోకి అసలు రానివ్వరు. తూర్పున బాల్టిమోర్ హార్బర్ టన్నెల్ దగ్గర ప్రొపేన్ సిలిండర్లున్న ఆర్వీలని దారి మళ్ళిస్తారట. బాగా చల్లబడిన ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు ఏమీ కాదు, మీరు వెళ్ళేది అంతకన్నా ఎంతో దూరం కాదు అన్నారు.

నేను ఇద్దరి మధ్యా ఊగుతున్నాను. అత్తయ్యగారు అప్పటికే బండి పక్కకి వెళ్ళి నిలబడ్డారు. "ఆ సిలిండర్ ఎక్కడుందో చూపించమ్మా" అన్నారు నాతో.

చూపించాను. చిన్న తలుపు వెనకాల ఉంటుంది. ఆవిడ వంగి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వాల్వు పూర్తిగా తిప్పేశారు. "ఊరెళ్ళేటప్పుడు కట్టేయాలి. ఇల్లు ఇక్కడుంటేనేం, మనతో వస్తేనేం" అన్నారు. మా ఆయన ఇంకేం మాట్లాడలేదు. లోపల ఫ్రిజ్ బటన్ కూడా ఆపేశాను. రెండూ ఎందుకంటే, వాల్వు కట్టి ఫ్రిజ్ ఆన్‌లో ఉంచితే అది మంట వెలిగించడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఇది పెద్దాయన చెబితే విన్నాను గాని, ఎంత ముఖ్యమో ఫ్లాగ్‌స్టాఫ్‌లో అర్థమైంది.

ఫీనిక్స్ ఉండేది 1,100 అడుగుల ఎత్తులో. 17 నంబరు హైవే ఎక్కితే ఘాట్ ఎక్కినట్టే, ఒకటే ఎక్కుడు. ఫ్లాగ్‌స్టాఫ్ చేరేసరికి 7,000 అడుగులు. కాక్టస్ చెట్లు పోయి పైన్ చెట్లు వచ్చాయి. ఆయన డీజిల్ అనుకోకుండా చూసుకుని పెట్రోల్ పట్టించడానికి దిగారు. పెద్దది ఫోన్‌లో. నేను ముందు సీట్లో. అత్తయ్యగారు వెనకాల, ఫ్రిజ్ పక్కన సోఫాలో కళ్ళు మూసుకుని ఉన్నారు. చిన్నాడికి ఐస్‌క్రీమ్ గుర్తొచ్చింది. తలుపు తీశాడు. ఐస్‌క్రీమ్ మెత్తబడింది. లోపల లైటు వెలగలేదు, పైన బటన్ దగ్గర కూడా లైట్ లేదు. పాపం వాడు మంచి పని చేస్తున్నాననుకుని బటన్ నొక్కాడు.

టక్. టక్. టక్. టక్.

నాకు వినపడలేదు. బంకులో టీవీ ఏదో మోగుతోంది. అత్తయ్యగారు మాత్రం గభాలున లేచి కూర్చున్నారు. "ఎవరే స్టవ్ వెలిగిస్తుంది?" అని కేక వేశారు. ఆ మాట మీద నాకు వెన్ను జలదరించింది. ఎవరూ స్టవ్ దగ్గర లేరు. వంటింటి లైటర్ టకటకలాడినట్టు ఆ చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆ గోడకి అవతలి వైపు, నాలుగడుగుల దూరంలో, మా ఆయన పెట్రోల్ గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఒక్క గెంతులో వెళ్ళి బటన్ నొక్కాను. చప్పుడు ఆగింది. ఐదు సెకన్లో, పదో. ఏం కాలేదు. సిలిండర్ కట్టి ఉంది కాబట్టి మంట రాలేదు, ఉత్త నిప్పురవ్వలే. కాని పెట్రోల్ ఆవిరికి నిప్పురవ్వ చాలు కదా. ఆయనకి కిటికీలోంచి చెప్పేసరికి మొహం పాలిపోయింది. చిన్నాడు ఏడుపు మొహం పెట్టాడు. నేను తిట్టబోతుంటే అత్తయ్యగారు వాణ్ణి దగ్గరకి లాక్కుని, "వాడికెవరు చెప్పారు? మీరు మీరు మాట్లాడుకున్నారు" అన్నారు. నిజమే. పెద్దవాళ్ళం నలుగురం చర్చించుకున్నాం, ఫ్రిజ్ తలుపు అందరికంటే ఎక్కువసార్లు తీసేవాడికి మాత్రం ఎవరం చెప్పలేదు. అప్పటికప్పుడు పెద్దది నోట్‌బుక్‌లో కాగితం చింపి 'బండి ఆగి, నాన్న సరేనన్నాకే' అని తెలుగులో రాసి బటన్ మీద అంటించింది. ఆ కాగితం మీద అక్షరం ముద్దుగా ఉంది, తప్పు కూడా లేదు. బీఏ తెలుగు చదివిన తల్లికి ఆ భయంలోనూ అది కనపడింది.

సాయంత్రానికి కాన్యన్ సౌత్ రిమ్ చేరాం. మాకు దొరికింది మాథర్ క్యాంప్‌గ్రౌండ్. అక్కడ కరెంటు కనెక్షన్లు ఉండవు. రసమట్టం పెట్టి, దిమ్మలు వేసి, సిలిండర్ తెరిచి, ఫ్రిజ్ గ్యాస్ మీద పెట్టాం. థర్మామీటర్ 44 చూపిస్తోంది, ఐస్‌క్రీమ్ పుణ్యం. పాలు 40 దాటి రెండు గంటలు ఉంటే పారబోయాలని నేను, వాసన చూస్తే తెలుస్తుందని అత్తయ్యగారు. వాసనకి తెలిసే క్రిములు వేరు, మనిషిని పడుకోబెట్టే క్రిములు వేరు అని చెప్పాను. చివరికి గడ్డ సీసాలకి ఆనుకుని ఉన్న పాలు చల్లగానే ఉన్నాయని తేలింది కాబట్టి కాఫీకి మిగిలాయి. తరిగిన కూరలు ఆ పూటే వండేశాం. త్వరగా చల్లబడాలని ఆయన చలి అంకె చివరిదాకా తిప్పారు. నేను మర్చిపోకుండా థర్మామీటర్ ముందు అరలోకి మార్చాను, తలుపు తీయగానే కనపడేలా. పెన్నులు వెనక్కి జరిపాను, మరీ వెనక్కి, లోపలి అల్యూమినియం రెక్కలకి ఆనించి. లోపలికి ఉంటే చల్లగా భద్రంగా ఉంటాయి కదా అని.

సూర్యాస్తమయం గురించి రాయను. అందరూ రాసేశారు. అత్తయ్యగారు చేతులు జోడించారు, అంతే చెప్తాను.

రాత్రి బాగా చలి వేసింది. కింద ఫీనిక్స్‌లో చెమటలు కక్కిన మనుషులం రెండేసి దుప్పట్లు కప్పుకున్నాం. తెల్లవారుజామున లేచి ఫ్రిజ్ తీశాను. ముందు అరలో థర్మామీటర్ 35. బ్రహ్మాండం అనుకున్నాను. పెరుగు గిన్నె తీస్తే గరిటె దిగలేదు. వెనకాల దోసకాయ రాయిలా ఉంది. అప్పుడు చెయ్యి వణికింది. పెన్నుల డబ్బా తీశాను. డబ్బాకి మంచు పట్టి రెక్కకి అంటుకుపోయింది. ఊడదీసి, ఒక పెన్ను లైటు దగ్గర పెట్టి చూస్తే లోపల మందు గడ్డకట్టి ఉంది. రెండోది కూడా.

ఇన్సులిన్ గడ్డకడితే పారేయాలి. కరిగాక చూడటానికి మామూలుగానే ఉంటుంది, కాని పని చేస్తుందన్న నమ్మకం లేదు. తెరవని పెన్నులు 36 నుంచి 46 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డ మాత్రం ఎప్పుడూ కట్టకూడదు. ఇవన్నీ నాకు తెలుసు. ఆవిడ వచ్చినప్పటి నుంచి ఇంటి ఫ్రిజ్‌లో పెన్నులు తలుపు దగ్గర పెడుతున్నది నేనే. తెలిసి కూడా, ఎండ భయం బుర్రలో కూర్చుని, చలి ఇంకా చలి అంటూ, నా చేత్తో నేనే వాటిని మంచులోకి తోశాను. ముందు రోజు అందరి మీదా అరిచిన మనిషిని. మంచం మీద కూర్చుని డబ్బా చేతిలో పెట్టుకుని ఏడ్చేశాను. విజిటర్‌గా వచ్చిన వాళ్ళకి తీసుకునే ఇన్సూరెన్సు పాత జబ్బులకి పని చెయ్యదు, మా పాలసీలో అదే రాసి ఉంది. ఇక్కడ డాక్టరుకి చూపించి మందు కొనడం అంటే ఎంత అవుతుందో తెలుసు. దానికన్నా, ఈ పూట ఇంజెక్షన్ ఎలా అన్నది.

అత్తయ్యగారు లేచి వచ్చారు. డబ్బా చూశారు, నా మొహం చూశారు. ఏమీ అనకుండా వెళ్ళి తన చేతిసంచి తెచ్చారు. అందులో చిన్న స్టీలు డబ్బా, దాని చుట్టూ తడిగుడ్డ. లోపల వాడుతున్న పెన్ను. వాడటం మొదలుపెట్టిన పెన్ను బయట, 86 డిగ్రీలు దాటని చోట ఉంచుకోవచ్చని ఊళ్ళో డాక్టరుగారు ఎప్పుడో చెప్పారట. ఆవిడది 28 రోజుల వరకు పనికొస్తుంది.

"మరి ఫ్రిజ్‌లో పెట్టమని నాకెందుకివ్వలేదు?" అన్నాను.

"కొత్త ఫ్రిజ్. దాని గుణం మనకేం తెలుసు?" అన్నారు. "మా అత్తగారు పాలు ఒకే కుండలో పొయ్యనిచ్చేది కాదు. రెండు కుండల్లో పొయ్యమనేది. పిల్లి ఒక దాంట్లోనే మూతి పెడుతుందని."

అలా అని ఆవిడ నన్ను ఓదార్చలేదు. "చూసుకోవాల్సింది" అని ఒక్క మాట అన్నారు. ఆ మాట అనడమే నాకు నయమనిపించింది. ఏమీ అనకపోయి ఉంటే ఇంకా బాధపడేదాన్ని.

తర్వాత రోజులు నేను ఆ ఫ్రిజ్ ముందు పసిపిల్ల తల్లిలా కాపలా కాశాను. అంకె మధ్యకి తగ్గించాను. రెండో థర్మామీటర్ అంగట్లో కొని వెనక అరలో పెట్టాను. ముందుదానికీ వెనకదానికీ ఒక్కోసారి ఏడెనిమిది డిగ్రీల తేడా! మూడో రాత్రి గ్యాస్ ఆరిపోయి ఎర్ర లైటు వెలిగింది. ఎత్తైన చోట గాలి పల్చగా ఉంటుంది, 5,500 అడుగులు దాటాక ఇలాంటి ఫ్రిజ్ మంట ఆరిపోవచ్చని పుస్తకంలో రాసే ఉంది. వీలుంటే కరెంటు మీద నడుపుకోమంటుంది. బటన్ ఆపి, మళ్ళీ నొక్కితే వెలిగింది. చిన్నాడు తడి తువ్వాలు తెచ్చి బండి బయట ఫ్రిజ్ వెనక జాలీ తలుపుకి ఆరేశాడు, వెచ్చగా ఉందని. పరిగెత్తుకెళ్ళి తీసేశాను. అది దాని ముక్కు. వేడీ పొగా అక్కణ్ణించే పోవాలి.

వాసనల పరీక్ష కూడా పెట్టారు అత్తయ్యగారు పిల్లలకి. గ్యాస్ గాలి కన్నా బరువు, కిందకి చేరుతుంది, అందుకే ఈ బండిలో గ్యాస్ అలారం నేల దగ్గర బిగించారు. కుళ్ళిన కోడిగుడ్డు వాసనొస్తే అది గ్యాస్. దానికి సహజంగా వాసన లేదు, మనకి తెలియాలని కలుపుతారు. ఫ్రిజ్ దగ్గర ముక్కు కోసుకుపోయేలా ఘాటు వస్తే అది అమ్మోనియా. "మన ఐస్ ఫ్యాక్టరీ పక్క సందులో వచ్చేది, అదే" అన్నారు. పిల్లలకి ఆ సందు తెలీదు. నాకు తెలుసు. ఏది వచ్చినా లైటు స్విచ్ కూడా ముట్టుకోకుండా ముందు అందరూ బయటకి దిగాలి, సిలిండర్ కట్టాలి, దూరంగా వెళ్ళి ఫోన్ చెయ్యాలి. చిన్నాడు ఈ పాఠం నాకు మూడుసార్లు అప్పజెప్పాడు.

ఇంటికొచ్చాక డాక్టరు దగ్గరకి వెళ్ళాం. ఆవిడ తిరుగు ప్రయాణం వరకు సరిపోయేలా మందు రాయించుకున్నాం. బిల్లు చూసి మా ఆయన మాట్లాడలేదు. నేను అయితే ఇంకా మాట్లాడలేదు.

బండి తిరిగి అప్పగించే రోజు ఫ్రిజ్ తుడిచి, వాసన పట్టకుండా తలుపు కొంచెం తెరిచి ఉండేలా గడియ పెట్టాను. అద్దెకిచ్చిన అబ్బాయి కాగితాల మీద సంతకాలు తీసుకుంటున్నాడు. బటన్ మీద కాగితం చూసి ఇదేం భాష అని అడిగాడు. తెలుగు అని చెప్పి, ఏం రాసుందో చెప్పాను. పెట్రోల్ బంకు సంగతి కూడా చెప్పాను. ఇకమీద బండి తీసుకెళ్ళేవాళ్ళకి రెండు నిమిషాలు ఎక్కువ చెప్పమన్నాను. తల ఊపాడు. ఆ కాగితం ఉంచుకోనా అన్నాడు, ఉంచుకోమన్నాను.

కారెక్కాం. ఆయన స్టార్ట్ చేశారు. గేటు దాకా వెళ్ళామో లేదో, వెనక సీట్లోంచి, "ఆగరా" అన్నారు అత్తయ్యగారు.

ఎవరం ఏమిటని అడగలేదు. ఆయన కారు ఆపారు. నేను దిగి తలుపు తీశాను. ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని, ఎండలో నడుచుకుంటూ, ఇక మాది కాని ఆ బండి దగ్గరకి వెళ్ళారు.